దీర్ఘజిహ్వుడి పెద్దక్షరం

ఏమర్రా, ఒక ప్రశ్న అడుగుతాను, తొందరపడకుండా చెప్పండి. ఐదు కిలోలు అని అంకె వేసి, ఇంగ్లీషులో పొట్టిగా కేజీ అని రాయాలనుకోండి. అంకెకీ కేజీకీ మధ్య జాగా వదలాలా, అక్కర్లేదా? అందులో 'కే' పెద్దక్షరమా, చిన్నక్షరమా?

మా మనవడు విశ్రుత్ పెద్దక్షరమన్నాడు. మనవరాలు హంసిని నవ్వి ఫోను చూపించింది. వాళ్ళ క్లాసు గ్రూపులో ఎవరో పిల్లవాడు ఇలాగే పెద్దక్షరం పెట్టాడట, నిన్నటి నుంచి అందరూ వాడిని ఆడుకుంటున్నారట. వాడు అడిగింది ఒక లెక్క. ఆ లెక్కకి జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదట.

జాగా వదలాలి. 'కే' చిన్నదే. వోల్టు, వాట్టు లాంటివి మనుషుల పేర్ల మీదుగా వచ్చాయి కనుక వాటి గుర్తులు పెద్దక్షరంతో రాస్తాం. గుర్తు చివర బహువచనం తగిలించకూడదు. ఇదంతా నేర్చుకోవలసిందే, బళ్ళో పాఠాలు చెప్పినన్నాళ్ళు నేను చెప్పిందీ ఇదే. నేర్చుకున్నాక దాంతో ఏం చేయాలన్నది వేరే పాఠం. ఫోను కింద పెట్టి అది వినండి.

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, పలకలాంటి నల్లబండ ఒకటి ఉండేది. ఎవరికి ఏం చెప్పాలనిపించినా దాని మీద గోటితో గీసిపోయేవారు. నచ్చినవాళ్ళు కింద పాదం ముద్ర వేసేవారు. నచ్చనివాళ్ళు కింద ఇంకోటి గీసేవారు. కాకులు అవి చదివి చెట్టుచెట్టుకీ మోసేవి. బండ మీద ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ అడవిలో నడిచే న్యాయం అదీ.

బండకి ఎదురుగా ఉన్న పుట్టలో దీర్ఘజిహ్వుడనే ఉడుము, అతని భార్య గోధమ్మ కాపురముండేవారు. దీర్ఘజిహ్వుడు అడవి కొలతల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. ఆ పుట్ట శాఖ ఇచ్చిందే, బతికి ఉన్నన్నాళ్ళూ ఉండవచ్చు. రోజుకో గుడ్డు పింఛను. ఉద్యోగంలో ఉండగా అతను ఏం కొలిచాడో ఎవరికీ గుర్తు లేదు గానీ, కొలతలు ఎలా రాయాలో అతనికి తెలిసినంత ఆ అడవిలో మరెవరికీ తెలియదు.

తెల్లారి లేస్తూనే ముఖమైనా కడుక్కోకుండా బండ దగ్గరికి వెళ్ళేవాడు. రెండు చీలికల నాలుక బయటికి చాపి, రాత్రి ఎవరెవరు ఏం గీశారో వాసన చూసి మరీ చదివేవాడు.

ఒకనాడు కుందేలు ఇలా గీసింది: 'ఉత్తరం దారిలో 4మూరల గొయ్యి పడింది. చూసి నడవండి.'

దీర్ఘజిహ్వుడు కింద గీశాడు: 'అంకెకీ కొలతకీ మధ్య జాగా ఏది? కొలత పేరుకి బహువచనమేమిటి? 4 మూర అని ఉండాలి.'

కుందేలు క్షమించమంది. ఎవరో కుందేలుని వెనకేసుకొచ్చారు. ఇంకెవరో వాళ్ళకి చదువు రాదన్నారు. జాగా గోరంత ఉండాలా, గోరులో సగమా అన్న దాని మీద బండ అడుగు దాకా నిండిపోయింది. పైనున్న గొయ్యి సంగతి ఎవరికీ కనబడలేదు. సాయంత్రం అడవిపంది అందులో పడింది.

పంది అరుపులు విని కాకి వచ్చి బండ మీద రాసింది, పంది 4మూరల లోతున ఉందని. 'మళ్ళీ అదే తప్పు,' అని దీర్ఘజిహ్వుడు కింద గీశాడు.

చివరికి ఏనుగులు వచ్చి పందిని లాగాయనుకోండి. అది కుంటుకుంటూ బండ దగ్గరికొచ్చి, "అయ్యా, నేను పడ్డది గోతిలోనా, జాగాలోనా?" అని అడిగింది.

దీర్ఘజిహ్వుడు నొచ్చుకోలేదు. తను చెప్పిన దాంట్లో తప్పుంటే చూపించమన్నాడు. ఎవరు చూపిస్తారు? అతను చెప్పిందంతా ఒప్పే. అతనితో వచ్చిన చిక్కంతా అదే, ఎప్పుడూ ఒప్పే చెప్పేవాడు.

మెల్లగా అతనికి శిష్యులు తయారయ్యారు. ఒకటి కొంగ, ఒంటికాలి మీద నిలబడి నియమాలన్నీ వల్లె వేసింది. రెండోది ముళ్లపంది, ఎవరి తప్పు కనబడినా ముందు ముళ్ళు లేపి తరవాత నోరు తెరిచేది. ముగ్గురూ కలిసి శుద్ధమాన పరిషత్తు అని ఒకటి పెట్టారు. ఆ తరవాత బండ మీద దూరం, బరువు లాంటివి రాయడానికే జంతువులు భయపడ్డాయి. 'చాలా దూరం', 'కాస్త బరువు' అని రాసి ఊరుకునేవి.

ఇంత పేరు వచ్చినా దీర్ఘజిహ్వుడికి లోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉండేది.

ఆ అడవిలో మూర, దోసిలి, గంతు లాంటి కొలతలన్నిటినీ గోటి కొసతో చిన్నక్షరాల్లో రాసేవారు. ఒక్క కొలతకి మాత్రం గోరంతా దించి పెద్దక్షరం వేసేవారు. దాని పేరు మహోదరి. వెనకటికి మహోదరి అనే ఏనుగమ్మ గాలివానలో దారికి అడ్డం పడ్డ టేకు మానుని ఒక్కతే తోసేసిందట. ఆవిడ పోయాక తోపుడు బలాన్ని ఆవిడ పేరుతో కొలవడం మొదలుపెట్టారు. బండ నెత్తిన ఆ పేరు మూరెడు పొడవున మెరుస్తుండేది.

దీర్ఘజిహ్వుడు రోజూ దాని కింద నిలబడి అందరి తప్పులూ దిద్దేవాడు. దిద్ది, తల ఎత్తి ఆ పేరు వంక చూసి, పుట్టలోకి వచ్చి నిట్టూర్చేవాడు.

గోధమ్మకి సంగతి తెలుసు. "మీ పేరు మా వాళ్ళందరికీ తెలుసు, చుట్టుపక్కల చెట్లకి తెలుసు. చాలదూ?" అనేది.

"చిన్నక్షరంతో తెలిస్తే ఏం లాభమే," అనేవాడు.

పోనీ అడిగి పెట్టించుకుందామంటే దానికో అడ్డముంది. ఆ అడ్డం పెట్టింది అతనే. కిందటేడు కొండముచ్చు ఒక కొమ్మ మీంచి వాగు దాటి దూకి, ఇకమీదట దూకుడుని తన పేరుతో కొలవాలని బండ మీద గీసింది. దీర్ఘజిహ్వుడు పాత ఆచారాలన్నీ తవ్వి తీశాడు. పెద్దక్షరం గతించినవారికే చెల్లుతుంది, బతికున్నవాడి పేరు కొలతకి పెట్టడం అపచారం, అని నెలంతా బండ మీద దంచాడు. అడవంతా నవ్వితే కొండముచ్చు ఎర్రటి ఎండలో ముఖం దాచుకుని చిటారుకొమ్మకి పోయింది. ఆ నవ్వు అది మరిచిపోలేదు.

ఇప్పుడు దీర్ఘజిహ్వుడు శిష్యులతో మాటల సందర్భంలో అన్నట్టుగా, అడవిలో అన్నిటికీ కొలతలున్నాయి గానీ కచ్చితత్వానికి లేదేమిటో అన్నాడు. కొంగ కళ్ళు మూసుకుని ఆలోచించి, ఉండాలంది. దానికి ఎవరి పేరు పెడితే బాగుంటుందో అని ముళ్లపంది అడిగింది. దీర్ఘజిహ్వుడు వాగు వంక చూశాడు.

మర్నాడు సభలో ప్రతిపాదన వచ్చింది. సభకి పెద్ద కరిణమ్మ, మహోదరి మనవరాలు. ఆవిడ చెవులు ఊపుతూ, అభ్యంతరమెవరికైనా ఉందా అని అడిగింది. అందరూ కొండముచ్చు వంక చూశారు.

కొండముచ్చు కొమ్మ దిగి వచ్చి చేతులు జోడించింది. ఇంతటి వారి పేరు పెద్దక్షరంతో ఉండకపోతే అడవికే అవమానమంది. "అయితే నియమం వారు పెట్టిందే. గతించినవారికే గదా పెద్దక్షరం. అందుకని వారు గతించినట్టు బండ మీద ఒక్క మాట గీసుకుంటే సరిపోతుంది. వారు బతికున్నారని మనందరికీ తెలుసు, బండకి తెలియకపోతే చాలు."

అవును, అది బాగానే ఉంది, అని తలలూపాయి జంతువులు. అది రాత కోసం చేసే చిన్న లాంఛనమేనని కొంగ వివరించింది. నియమం భంగం కాదు, గౌరవమూ దక్కుతుంది.

దీర్ఘజిహ్వుడు ఇంటికొచ్చి చెబితే గోధమ్మ చేస్తున్న పని ఆపేసింది.

"మీరు పోయారని రాస్తారా? మరి నా బొట్టు సంగతి కూడా ఆ బండ మీదే తేలుస్తారా?"

"రాతకి మాత్రమేనే. ఇంట్లో ఉంటాను గదా."

"ఇంట్లో ఉండి ఏం చేస్తారు, పోయినవారు?"

అతను గుమ్మంలోకి వెళ్ళి బండ వంక చూశాడు. అప్పటికే పెద్దక్షరం కళ్ళ ముందు ఆడుతోంది.

సంతాపసభ బ్రహ్మాండంగా జరిగింది. దీర్ఘజిహ్వుడు పక్కనున్న పొదలో కూర్చుని విన్నాడు. బతికుండగా ఒక్కరూ అనని మాటలు అందరూ అన్నారు. కుందేలు కళ్ళు తుడుచుకుంది. అడవిపంది కూడా లేచి, వారి వల్లనే లోతంటే ఏమిటో తెలిసిందంది. ముళ్లపంది చదివిన సంతాప వాక్యంలో మాత్రం ఒక అంకెకీ కొలతకీ మధ్య జాగా ఎక్కువైంది. పొద కదిలింది. దీర్ఘజిహ్వుడు ఒక వేరు నోట్లో కుక్కుకుని, సభ అయ్యేదాకా దాన్ని నములుతూ కూర్చున్నాడు.

బండ నెత్తిన, మహోదరి పక్కన, దీర్ఘజిహ్వ అని గోరంతా దించి చెక్కారు. అతను ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు ఆ కొలతకి అర్థం రాసే పని వచ్చింది. కచ్చితత్వం అని కొంగ మొదలుపెట్టబోయింది. కొండముచ్చు వినయంగా అడ్డొచ్చింది. కచ్చితత్వానికి కొలతేమిటి, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, సగం కచ్చితం అని ఎక్కడైనా ఉందా అని అడిగింది. నియమం ప్రకారం అది నిజమే. కొంగకి ఒప్పుకోక తప్పలేదు. మరి గురువుగారు జన్మంతా దేన్ని పెంచి పోషించారో దానికే పెడదామంది కొండముచ్చు. అలా నిర్ణయమైపోయింది. ఒకరు ఒక మాట చెప్పినప్పటి నుంచి, ఆ మాట రాసిన తీరు మీద వాదన తెగేదాకా పట్టే కాలం ఒక దీర్ఘజిహ్వ.

దీర్ఘజిహ్వుడు లబలబలాడుతూ బండ దగ్గరికి పరిగెత్తాడు. గోరు ఎత్తేసరికి ముళ్లపంది నమస్కారం పెట్టి, గతించినవారు బండ మీద రాయడానికి వీల్లేదని గుర్తుచేసింది. ఆ నియమం కూడా అతను పెట్టిందే.

కొత్త కొలత అడవిలో ఇట్టే పాకిపోయింది. దాని అవసరం అంతగా ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాగు దాటడానికి రెండు దీర్ఘజిహ్వలు పట్టిందని లేళ్ళు చెప్పుకునేవి. పిల్లలు ఆలస్యంగా ఇల్లు చేరితే తల్లులు 'దీర్ఘజిహ్వలకొద్దీ ఎక్కడ తిరిగావురా' అనేవారు. బండ మీద కూడా అలాగే, చిన్నక్షరంతో, జాగా లేకుండా, బహువచనం తగిలించి. అతను పుట్ట నోట్లోంచి అవన్నీ చదివి నాలుక కొరుక్కునేవాడు. తన పేరు కాబట్టి తప్పు రెట్టింపు బాధించేది.

ఆ వారంలోనే గుడ్డు రావడం మానేసింది. గోధమ్మ వెళ్ళి అడిగితే, గతించినవారికి ఆకలి వేయదు గదమ్మా అన్నారు పంచేవాళ్ళు.

తరవాత ముంగిస వచ్చింది, పెళ్ళాం పిల్లలతో, మూటాముల్లెతో. గుమ్మంలో దీర్ఘజిహ్వుడు ఎదురైతే, బాగున్నారా బాబాయిగారూ అని ఆప్యాయంగా పలకరించి, పుట్ట తనకి కేటాయించారని గోధమ్మతో చెప్పింది.

"ఎదురుగా నిలబడ్డ మనిషిని పలకరిస్తూనే పోయాడంటావేం నాయనా?" అంది గోధమ్మ.

"నాకు తెలీదా పిన్నిగారూ. కానీ బండ మీద అలా లేదే," అంది ముంగిస. అది మర్యాద తెలిసిందే, దౌర్జన్యం చేయలేదు. పింఛనుదార్ల హాజరు అయ్యేదాకా బయట చింతచెట్టు కింద ఉంటామంది.

ఆ అడవిలో ఏడాదికోసారి, వానలు వెలిశాక, ఉద్యోగం దిగినవాళ్ళంతా సభ ఎదుట స్వయంగా బండ మీద 'నేనున్నాను' అని గీసి కింద పేరు రాయాలి. రాసినవాడు ఉన్నట్టు, రాయనివాడు లేనట్టు. ఆ ఏడు తాబేలు గీసింది, గుడ్లగూబ గీసింది. దీర్ఘజిహ్వుడు ముందుకొస్తే శిష్యులిద్దరూ అడ్డుపడ్డారు. కరిణమ్మ వాళ్ళని పక్కకి జరగమంది. ఒకసారి రాయనిచ్చి చూద్దామంది.

అతను 'నేనున్నాను' అని గీసి, కింద గోరంతా దించి పేరు రాశాడు.

కొంగ ఒంటికాలి మీద వంగి చూసింది. "పేరు పెద్దక్షరంతో ఉంది. పెద్దక్షరం గతించినవారిది. గతించినవారి రాత చెల్లదు," అంది.

"చిన్నగా రాసెయ్యవయ్యా, పోయేదేముంది," అంది కరిణమ్మ మెత్తగా.

పోయేదేమిటో అతనికి తెలుసు. గోటి కొస బండకి ఆనించాడు. పైన తన పేరు మెరుస్తోంది. సభ నిర్ణయించిన రూపం పెద్దక్షరం. దాన్ని చిన్నక్షరంతో రాస్తే తప్పు రాసినట్టు. జన్మలో ఒక్క తప్పు రాయని గోరు అది. వెనక ముంగిస పిల్లలు ఆకలికి గోల చేస్తున్నారు, చింతచెట్టు కింద మూటలున్నాయి, భార్య చూస్తోంది. గోరు కదల్లేదు. ఉడుంపట్టు అంటారే, గోడని పడితే గోడ ఊడాలి గానీ పట్టు ఊడదు. ఇక్కడ అది తన పేరునే పట్టుకుంది.

అప్పుడు గోధమ్మ లేచింది.

ఆవిడ కాపురానికొచ్చాక ఆ బండ మీద ఒక్క గీత గీయలేదు. ఇంట్లో చెప్పే మాటలకే దిద్దుబాట్లు పడుతుంటే, బయట రాసి కూడా పడటమెందుకని. ఇప్పుడు వెళ్ళి, మొగుడి వంక చూడకుండా, వంకరటింకరగా గీసింది: 'మాఆయన 9దీర్ఘజిహ్వలనుంచి ఆకలిమీద ఉన్నాడు.'

రాసి చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఉడుముకి చీరేమిటి నానమ్మా అని విశ్రుత్ అడుగుతున్నాడు. మాట్లాడే ఉడుముకి చీర ఉంటే తప్పేమిట్రా. దిద్దకు, విను.

దీర్ఘజిహ్వుడు ఆకాశం వంక చూశాడు. వాగు వంక చూశాడు. మళ్ళీ బండ వంక చూశాడు. తొమ్మిదికీ పేరుకీ మధ్య గడ్డిపోచ దూరే సందు లేదు. పేరు చిన్నక్షరంతో ఉంది. పైగా బహువచనం. నాలుక బయటికొచ్చింది, లోపలికి పోయింది.

ఒక్క గెంతులో బండ మీదికెక్కి అన్నీ కొట్టేసి, కింద శుభ్రంగా గీశాడు: '9 దీర్ఘజిహ్వ.' జాగా సరిగ్గా గోరంత. పెద్దక్షరం సరిగ్గా గోరంత లోతు.

కరిణమ్మ శిష్యుల వైపు తిరిగి, ఆ దిద్దుబాటు సరైనదేనా అని అడిగింది. కొంగ చూసి లోపం లేదంది. ముళ్లపంది జాగా కొలిచి మరీ ఒప్పుకుంది. మరి చెల్లుతుందా అని అడిగింది కరిణమ్మ. చెల్లదంటే గోధమ్మ రాసిన మూడు తప్పులూ బండ మీద నిలిచిపోతాయి. అది వాళ్ళ వల్ల కాదు.

"చెల్లుతుంది," అన్నారిద్దరూ.

"గతించినవారి రాత చెల్లదన్నారు. ఇది చెల్లుతుందన్నారు. అయితే రాసినవాడు ఉన్నాడు," అంది కరిణమ్మ. తొండంతో తడి ఇసక తీసి, మహోదరి పక్కనున్న పేరుని నున్నగా అరగదీసింది.

పుట్ట దక్కింది. గుడ్డు మళ్ళీ వచ్చింది. ముంగిస మూటలు ఎత్తుకుని, సెలవు బాబాయిగారూ, సంతోషమండీ అని వెళ్ళిపోయింది.

కానీ మాట ఒకసారి నోళ్ళలో పడ్డాక అరగదీస్తే పోతుందా? అడవిలో ఇప్పటికీ ఆలస్యాన్ని దీర్ఘజిహ్వలతోనే కొలుస్తారు. చిన్నక్షరంతో, జాగా లేకుండా, బహువచనంలో. దీర్ఘజిహ్వుడు ఒకసారి దిద్దబోతే సొంత శిష్యుడు కొంగే ఆపింది. సభ గుర్తించని కొలతకి తప్పొప్పులు ఉండవు గదా గురువుగారూ అంది. నిజమే. అందుకని అతను రోజూ పుట్ట గుమ్మంలో కూర్చుని, చదివి, మింగేస్తాడు. ఉత్తరం దారిలో గొయ్యి కూడా అలాగే ఉంది, దాని లోతు ఇంకా తేలలేదు.

నీతి: తప్పులు దిద్దేవాడు బతికి ఉండాలంటే ఎవరో ఒకరు తప్పు రాస్తూనే ఉండాలి, కాబట్టి దయగలవారు అప్పుడప్పుడూ రాయండి.

హంసినీ, ఆ పిల్లవాడి లెక్కకి ముందు జవాబు పంపు, 'కే' సంగతి ఆ తరవాత చెబుదువుగాని. నేను మేడ మీదికి పోతాను. గుమ్మడి వడియాలు సగం చాపే పెట్టాను, ఎండ దిగిందంటే మిగిలిన పిండి పులిసిపోతుంది.